రంగులు వేస్తే అక్షరాలు వస్తాయా? ఎల్‌కేజీ పాప తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్ళ రెండు నెలలు, ఎల్‌కేజీ. స్కూల్ నుంచి రోజూ రెండు మూడు కలరింగ్ షీట్లు వస్తాయి. జూన్‌లో చేర్చాం, ఇప్పటికీ అ, ఆ, ఇ సరిగ్గా గుర్తుపట్టదు. పక్కింటి బాబు వేరే స్కూల్లో గుణింతాలు రాసేస్తున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. రంగులు వేయిస్తే చదువు వస్తుందా, టైం వేస్టా? ఇంట్లో నేనేం చేయాలి? ప్రింటర్ కొనమంటారా?

జవాబు:

నమస్తే అమ్మా. ఇరవై నాలుగేళ్ళుగా ఖమ్మంలో ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకే పాఠాలు చెబుతున్నాను. దసరా సెలవుల ముందు జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు. కాబట్టి మీ కంగారు నాకు తెలుసు.

సూటిగా చెప్తాను. షీటు చేతికిచ్చి పాపను ఓ మూల కూర్చోబెడితే అక్షరం ముక్క రాదు. అదే షీటు పక్కన మీరో, నాన్నో, నానమ్మో కూర్చుని ఆ బొమ్మ పేరు పలికించి, ఆ పేరులో అక్షరం చూపించి, పాప చెప్పిన మాటను బొమ్మ కింద రాసి పెడితే చదువు అక్కడే మొదలవుతుంది. రంగు వేస్తున్నంతసేపూ పాప చెయ్యి, చూపు ఒకేచోట ఉంటాయి. అంత శ్రద్ధగా ఉన్న నాలుగేళ్ళ పిల్లకు ఆ పది నిమిషాల్లో ఏం చెప్పినా ఎక్కుతుంది. ఆ పది నిమిషాలు ఊరికే పోతున్నాయా లేదా అన్నదే మీరు చూసుకోవాల్సింది.

పక్కింటి బాబు గురించి ఒక్క మాట. వాడు రాస్తున్నాడు సరే, చదువుతున్నాడా? ఎప్పుడైనా వాడి నోట్‌బుక్‌లో 'కి' మీద వేలు పెట్టి ఇదేంటి అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు వెంటనే చెప్పలేరు, మళ్ళీ 'క కా' అంటూ మొదటి నుంచి పాడుకుంటూ అక్కడి దాకా వస్తారు. అంటే పాట వచ్చింది, అక్షరం ఇంకా రాలేదు. కేంద్ర ప్రభుత్వం చిన్నపిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో కూడా బాలవాటికకు, అంటే 5 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు, పెట్టిన లక్ష్యం అక్షరాలను, వాటి శబ్దాలను గుర్తుపట్టడం, రెండు మూడు అక్షరాల చిన్న మాటలు చదవడం. మీ పాప ఆ వయసు పూర్తిచేయడానికి ఇంకా ఏడాది పైనే టైం ఉంది. ఇప్పుడు గుణింతాలు రావాలని ఎవరూ అనడం లేదు.

ముందు చేతి సంగతి చూద్దాం. పిల్లలు గీతలు నేర్చుకోవడానికి ఓ వరస ఉంటుంది. ఇంచుమించు 3 ఏళ్ళకు గుండ్రంగా చుట్టగలరు, 4 ఏళ్ళకు ప్లస్ గుర్తు వేయగలరు, నాలుగున్నర, అయిదేళ్ళ మధ్య నలుపలకల డబ్బా గీస్తారు, 5 దాటితే త్రిభుజం వస్తుంది. ఏటవాలు గీత అన్నిటికంటే ఆలస్యం. మన తెలుగు పిల్లలకు ఇది ఎంత మేలో చూడండి. ఇంగ్లీషులో మొదటి అక్షరమే రెండు ఏటవాలు గీతలు. మనవేమో సున్నాలు, చుట్లు, వంపులు. సున్నా చుట్టగలిగిన పిల్ల తలకట్టు పెడితే 'ర' అయిపోతుంది, లోపల చుక్క పెడితే 'ఠ'. అందుకే నా క్లాసులో మొదటి నెల రంగులన్నీ గుండ్రాలకే: లడ్డూలు, బంతులు, బెలూన్లు, ద్రాక్ష గుత్తి, బండి చక్రాలు. బొమ్మ గొప్పగా ఉండక్కర్లేదు, నేనే బోర్డు మీద వేసేస్తాను.

క్రేయాన్ మీద మీకో చిట్కా. పొడుగాటి కొత్త క్రేయాన్ ఇస్తే ఈ వయసు పిల్లలు పిడికిలి బిగించి పట్టుకుని, భుజం మొత్తం కదిలిస్తూ రుద్దుతారు. దాన్ని మీ బొటనవేలి మొదటి కణుపంత ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్క పిడికిట్లో ఇమడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే దాని చుట్టూ చేరతాయి. పెన్సిల్ పట్టుకోవాల్సిన పట్టు అదే. 'ఇలా పట్టుకో, అలా పట్టుకో' అని రోజూ వేళ్ళు సర్దే పని తప్పుతుంది. కాగితాన్ని అప్పుడప్పుడు గోడకు అంటించి నిలబడి వేయించండి, మణికట్టు బలపడుతుంది. సంక్రాంతికి ముగ్గులో రంగులు నింపే పని పాపకే అప్పగించండి. చిటికెడు పిండి పట్టి గీత మీద వదలడం, చిక్కుడుకాయలు ఒలవడం, ఇవన్నీ అవే మూడు వేళ్ళ పనులు. ఇటలీకి చెందిన విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో పది ఆకారాల లోహపు పలకలు ఉంటాయి. పిల్లలు వాటి అంచు వెంట గీసి, లోపలంతా రంగు పెన్సిల్‌తో సన్నని గీతలు నింపుతారు. అక్షరాలు రాసే ముందు చేతిని సిద్ధం చేసే పని అది. అంటే రంగులు నింపించడం ఇప్పటి ఫ్యాషన్ ఏమీ కాదు.

ఇప్పుడు మీ పాప స్కూల్ షీట్ల విషయం. మార్కెట్లో దొరికే తెలుగు కలరింగ్ పుస్తకాల్లో సగానికి సగం డొల్ల అక్షరాలే ఉంటాయి. పెద్ద 'అ' వేసి, లోపల ఖాళీ వదిలి, రంగు నింపమంటారు. నాకది అంతగా నచ్చదు. పిల్ల ఆ ఖాళీని ఎక్కడి నుంచి పడితే అక్కడి నుంచి నింపుతుంది. కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి, మధ్యలో ఓ మచ్చ. అక్షరం ఆకారం కాస్త తెలుస్తుందేమో గానీ, చెయ్యి ఎక్కడ మొదలై ఎటు తిరిగి ఎక్కడ ఆగాలో తెలియదు. అది తెలియకపోతే రేపు రాత ఎప్పటికీ బొమ్మ దించినట్టే ఉంటుంది. దాని బదులు నేల మీద గానీ, పాత క్యాలెండర్ వెనక గానీ, మీరు జానెడంత అక్షరం ఒక్క గీతతో రాయండి. పాప ముందు దాని మీద వేలు తిప్పాలి. తర్వాత ఎర్ర క్రేయాన్‌తో అదే గీత మీద అదే దారిలో ఓసారి, పసుపుతో ఓసారి, నీలంతో ఓసారి. అయిదు రంగులు పడేసరికి అక్షరం ఇంద్రధనుస్సులా తయారవుతుంది. 'అయిదుసార్లు రాయి' అంటే ఏడ్చే పిల్ల ఇది నవ్వుతూ చేస్తుంది. రంగు మారిన ప్రతిసారీ ఆ అక్షరం శబ్దం పైకి పలకాలి, ఆ ఒక్కటీ మర్చిపోకండి. మన అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తాం కదా, అదే పని రంగులతో.

నా క్లాసులో నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని మాత్రం చాలా చిన్నది. క్రేయాన్ పెట్టె మీద పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఒక ఏడాది తెల్ల కాగితం సన్నగా కత్తిరించి, తెలుగులో పెద్ద అక్షరాలతో పసుపు, ఎరుపు, నలుపు, తెలుపు, నీలం అని రాసి ఒక్కో క్రేయాన్‌కు చుట్టి అంటించాను. చదవమని ఎవరికీ చెప్పలేదు. 'ఎరుపు ఇవ్వు', 'పసుపు అందుకో' అంటూ రోజూ వాటితోనే పని జరిగేది. రెండు మూడు వారాలయ్యాక ఓ పాప పసుపు, ఎరుపు పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. కాసేపటికి నలుపు కూడా తెచ్చుకుంది. 'టీచర్, ఇక్కడ ఇదీ, ఇక్కడ ఇదీ ఒకటే' అని మూడింటి చివర వేలు పెట్టి చూపించింది. పేర్లు చెప్పమంటే, 'ఎరుపు, పసుపు, నలుపు' అని చివర గట్టిగా నొక్కి పలికి, 'పు... పు... పు' అంది. నేనేమీ అనలేదు. ఆ పసుపు క్రేయాన్ చేత్తో పట్టుకుని క్లాసంతా తిరిగి, తలుపు మీద నేను అంటించిన 'తలుపు' అన్న చీటీ దగ్గర ఆగింది. క్రేయాన్‌ను ఆ చీటీకి ఆనించి, 'ఇక్కడ కూడా ఉంది' అని అరిచింది. కొమ్ము అంటే ఏమిటో, 'ప' గుణింతం అంటే ఏమిటో ఆ పాపకు తెలియదు. ఒక శబ్దానికి ఒక గుర్తు ఉంటుందని, అది ఎక్కడున్నా అలాగే పలుకుతుందని మాత్రం ఆ రోజు తెలిసిపోయింది. చదువుకు అసలు తాళంచెవి అదే. ఆ తర్వాతి వారం పులి బొమ్మ ఇస్తే రంగు వేయక ముందే పేరులో 'పు' దొరికిపోయింది. మీరు ఇవాళ సాయంత్రమే ఆ చీటీలు అంటించండి. పావుగంట పని.

బొమ్మల పేర్ల దగ్గర ఓ పెద్ద చిక్కుంది. చాలామంది గమనించరు. వర్ణమాల చార్టులో 'ఊ'కి ఊయల బొమ్మ ఉంటుంది. మన ఇళ్ళల్లో ఎవరైనా ఊయల అంటారా? ఉయ్యాల అంటారు. పాప ఆ బొమ్మ చూసి 'ఉయ్యాల' అంటుంది, అప్పుడు దాని మొదటి అక్షరం 'ఉ'. ఆ పిల్ల చెవి సరిగ్గానే పనిచేస్తోంది. తప్పు మన చార్టుది. 'ఔ'కి ఔషధం అని సీసా వేస్తారు, పిల్లలు 'మందు' అంటారు. 'ఋ'కి ఋషిని వేస్తే మా పిల్లలు 'తాత' అంటారు. నెట్ నుంచి దించిన ఇంగ్లీషు షీట్లలో అయితే మంచు ఇళ్ళు, ఖమ్మం పిల్ల ఎన్నడూ చూడని వాయిద్యాలు. కాబట్టి రంగు పెట్టె తెరవక ముందు ఒక్క ప్రశ్న అడగండి: 'ఇదేంటి?' పాప చెప్పే పేరు ఆ అక్షరంతోనే మొదలైతే ముందుకు వెళ్ళండి. లేకపోతే ఆ షీటును ఊరికే రంగులకు వాడుకోండి, అక్షరానికి వేరే బొమ్మ వేయండి. 'ఊ'కి ఊరు వేసుకోవచ్చు, నాలుగు ఇళ్ళు, ఓ చెట్టు. 'ణ', 'ళ' లాంటి వాటితో మన వాడుక మాటలేవీ మొదలు కావు. వీణ, తాళం బొమ్మలిచ్చి, ఆ శబ్దం మాటలో ముందు వస్తుందా, చివర వస్తుందా అని చప్పట్లు కొడుతూ వెతికిస్తే సరి. వీ-ణ, రెండు చప్పట్లు, రెండో దానిలో దొరుకుతుంది. తెలుగు మాటను ఇలా అక్షరం అక్షరంగా విడగొట్టడం పిల్లలకు చాలా తేలిక, ఆ బలాన్ని వాడుకోవాలి.

పోలికలున్న అక్షరాలకు రంగు బాగా పనికొస్తుంది. మ-య, ప-వ, ద-డ ఈ జంటలతో పిల్లలు నిజంగా తికమక పడతారు. ఒక కాగితం మీద పెద్ద చిలుక గీసి, దాన్ని గళ్ళు గళ్ళుగా విడగొట్టండి. చిలుక లోపలి గళ్ళన్నిట్లో 'మ', బయటి గళ్ళలో 'య' రాయండి. 'మ' ఉన్న గళ్ళకే ఆకుపచ్చ వేయమంటే చివరికి చిలుక బయటపడుతుంది. ఒక్క షరతు ఉంది. రెండిట్లో ఒకటి పాపకు బాగా వచ్చాకే ఈ ఆట ఆడించాలి. రెండూ రాని పిల్లకు ఇస్తే ఉన్న తికమక రెట్టింపవుతుంది. నేను మొదట్లో ఆ పొరపాటు చేశాను.

మీ పాప యూకేజీకి వచ్చాక పనికొచ్చేది ఒకటి ఇప్పుడే చెప్పి ఉంచుతాను. గుణింతం దగ్గర పిల్లలు బెదిరిపోవడానికి కారణం, కా, కి, కే అన్నీ వాళ్ళ కంటికి కొత్త అక్షరాల్లా కనిపించడం. 'క' ఒళ్ళు నీలంతో, తలకట్టు ఎరుపుతో రాయండి. పక్కన 'కి' రాసేటప్పుడు ఒళ్ళు మళ్ళీ నీలమే, గుడి ఎరుపు. 'కా'లో దీర్ఘం ఎరుపు. నీలం ఎక్కడా మారలేదని, ఎర్ర ముక్క మారినప్పుడే గొంతు మారుతోందని పిల్లలు తామే చెప్తారు. తలకట్టు తీసేసి దాని చోట గుడి పెట్టామన్న సంగతి మాటల్లో చెప్తే బుర్రకెక్కదు, రంగులో చూస్తే వెంటనే పట్టేస్తారు. కొమ్ముకు మాత్రం తలకట్టు అలాగే ఉంటుంది, 'కు' చూడండి. జ, ట, బ, ల లాంటి వాటికి విడిగా తలకట్టు ఉండదు కాబట్టి వాటితో మొదలుపెట్టకండి. క, గ, త, న తేలిక. ఇదంతా వచ్చే ఏడాది మాట.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. రంగు వేయడం అయ్యాక 'బాగుంది' అని పక్కన పెట్టేయకండి. 'దీని గురించి ఓ మాట చెప్పు, రాస్తాను' అనండి. పాప ఏం చెప్తే అది, ఎలా చెప్తే అలా, బొమ్మ కింద పెద్ద అక్షరాలతో రాయండి. ఆవు బొమ్మకు నల్లరంగు పూసిన ఓ బాబును అడిగితే, 'ఇది ఆవు కాదు టీచర్, మా బర్రె. మా బర్రె ఈనింది' అన్నాడు. 'మా బర్రె ఈనింది' అని రాసి, వేలు పెట్టి చదివి వినిపించాను. మర్నాడు వాడే వేలు పెట్టి చదివాడు. మూడు మాటలు, మూడుసార్లు వేలు ఆగింది. 'మా' దగ్గర, 'ఇది చిన్నగా ఉంది' అన్నాడు. 'ఈనింది' దగ్గర ఆగి, గోడ మీది చార్టు చూసి, 'ఈగలో ఈ' అన్నాడు. బర్రె ఈనడం వాడింట్లో ఆ వారం జరిగిన పెద్ద విశేషం. ఆ మాటలో దొరికిన 'ఈ'ని ఇక వాడు మర్చిపోడు. గేదె అనాలి, బర్రె అనకూడదు అంటూ దయచేసి దిద్దకండి. పుస్తకం భాష తర్వాత వస్తుంది. తన నోటి మాట కాగితం మీద నిలబడి, రేపు కూడా అదే మాట పలుకుతుందని పిల్ల ముందు నమ్మాలి. పేరు కూడా అంతే. ప్రతి కాగితం మూలన పాప పేరు ఆమె చూస్తుండగా రాయండి. పిల్లలు మొట్టమొదట చదివే మాట చాలాసార్లు వాళ్ళ పేరే.

మాటలు పెంచడానికి కూడా రంగుల కంటే మంచి సాకు లేదు. పిల్లలకు ఎరుపు, పచ్చ, నీలం దగ్గరే ఆగిపోతుంది. మీ చీరల బీరువా తెరవండి. నెమలికంఠం, కనకాంబరం, చిలకపచ్చ, వంకాయ రంగు, మెంతి రంగు, మామిడి చిగురు, గంధం, ఇటుక రంగు. చాలా పేర్ల వెనక ఓ పువ్వో, కాయో, పిట్టో ఉంటుంది. 'ఈ ఆకుకు చిలకపచ్చ వేద్దామా, ముదురు ఆకుపచ్చ వేద్దామా?' అని అడిగితే పాప ఆలోచించి జవాబు చెప్తుంది. అలాగే, 'చెట్టు కింద ఉన్న కోడికి ఎరుపు, చెట్టు మీద ఉన్న పిట్టకు పసుపు' అని చెప్పి వేయించండి. విని, అర్థం చేసుకుని, చేయడం కూడా చదువులో భాగమే. పైన, కింద, పక్కన, మధ్యలో అన్న మాటలు రాని పిల్లకు రేపు ఒత్తు కింద రాయాలంటే ఎలా తెలుస్తుంది?

గీత దాటకూడదు, ఆకాశం నీలంగానే ఉండాలి అన్న పట్టుదల వద్దు. గీత లోపల నింపడం వయసుతో పాటు దానంతటదే వస్తుంది. రంగు తేడాగా వేస్తే కోప్పడకుండా ఎందుకని అడగండి, కథ బయటికొస్తుంది. కానీ ఓ పిల్లాడు ఎప్పుడు చూసినా ఆకులకు గోధుమరంగు, మానుకు ఆకుపచ్చ వేస్తుంటే, చీటీ లేకుండా ఆ రెండు క్రేయాన్లనూ విడదీయలేకపోతుంటే ఓసారి కంటి డాక్టరుకు చూపించండి. కొన్ని రంగుల మధ్య తేడా తెలియకపోవడం ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. ఎడమచేత్తో వేసే పిల్లలను కుడిచేతికి మార్చాలని మాత్రం చూడకండి, కాగితాన్ని కాస్త వాలుగా సర్దిపెడితే చాలు.

రోజుకు ఒక్క షీటు చాలు, పది పదిహేను నిమిషాలు. స్కూల్ నుంచి మూడు వస్తే ఒకటి మాట్లాడుతూ వేయించి, మిగతావి పాప ఇష్టానికి వదిలేయండి. వేయనంటే బలవంతం చేయకండి. టీచర్‌తో కూడా ఓసారి నెమ్మదిగా మాట్లాడండి, 'షీటు కింద పాప చెప్పిన మాట ఒకటి రాయగలరా?' అని అడగండి. ముప్పై అయిదు మంది పిల్లలున్న క్లాసులో అది రోజూ కుదరదు, వారానికి ఒక్కసారి రాసినా మంచిదే.

ప్రింటర్ కొనకండి. పెళ్ళి శుభలేఖల వెనక వైపు గట్టి కాగితం ఖాళీగా ఉంటుంది, క్యాలెండర్‌లో నెల అయిపోగానే చించిన పేజీ వెనక అంతకంటే పెద్ద జాగా. పేపర్ చదవడం అయ్యాక పెద్ద హెడ్డింగులున్న పేజీ పాపకు ఇచ్చి, ఎర్ర క్రేయాన్‌తో 'అ' ఎక్కడుంటే అక్కడ సున్నా చుట్టమనండి. మొదటి రోజు ఒకటో రెండో దొరుకుతాయి. అదే పేజీలో మీకు కనిపించి పాపకు కనిపించనివి చెప్పేయకండి, ఆ పేజీని దాచి ఓ వారం తర్వాత మళ్ళీ ఇవ్వండి.

దీపావళి నాటికి ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఏ అక్షరాలు వచ్చాయో చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.